మీ పేరుతో మెయిల్ ఎవరెవరు పంపుతున్నారు?

డొమైన్‌కి, అంటే మెయిల్ అడ్రసులో @ తర్వాత ఉండే పేరుకి, మెయిల్ రికార్డులు రాయడం పావుగంట పని. ప్యానెల్ తెరిచి, నాలుగైదు లైన్లు అతికించి, సేవ్ కొడితే అయిపోతుంది. కానీ నేను చూసే ఏ ఆఫీసులోనూ అది పావుగంటలో అవలేదు. ఆ లైన్లలో ఏం రాయాలో చెప్పగలిగినవాళ్లు ఆఫీసులో ఒక్కరూ ఉండరు మరి. కంపెనీ పేరుతో ఎక్కడెక్కడి నుంచి మెయిల్ వెళ్తోందో యజమానికి తెలియదు. అకౌంటెంటుకి కొంత తెలుసు. వెబ్‌సైట్ చేసినతనికి మిగతాది తెలుసు, అతను ఫోన్ ఎత్తడు.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. చిన్న ఆఫీసులకి కంప్యూటర్లు, నెట్‌వర్కు, మెయిలు చూసిపెట్టడం నా పని. కోల్డ్ స్టోరేజీలు, మిర్చి ఎగుమతిదారులు, ఇద్దరు ముగ్గురు ఆడిటర్లు, ఒక విత్తనాల వ్యాపారి. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతున్నంత కాలం వీళ్లెవరికీ మెయిల్ గురించి వినే తీరిక ఉండదు. మెయిల్ ఆగితే మాత్రం గగ్గోలంతా ఆ నెలల్లోనే. 2024లో కూడా అంతే. ఆ ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రెండూ మెయిల్ పంపేవాళ్లకి కొత్త షరతులు పెట్టాయి. జీమెయిల్ ఖాతాలకి రోజుకి దాదాపు 5,000 గానీ ఆపైన గానీ పంపేవాళ్లకి డొమైన్‌లో ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, అవేంటో కింద చెబుతాను. స్పామ్ అని నొక్కేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదు. తక్కువ పంపేవాళ్లయినా మొదటి రెండిట్లో ఒకటి ఉండాల్సిందే, పంపే సర్వర్ ఐపీకి, అంటే నెట్‌లో దాని చిరునామా అంకెలకి, రివర్స్ రికార్డు సరిగ్గా ఉండాల్సిందే. ‘మనం పంపేది రోజుకి యాభై, మనకెందుకులే’ అనుకున్నవాళ్లే నాకు ఎక్కువ ఫోన్లు చేశారు.

వాళ్లలో నాన్నగారి స్నేహితులు ఒకాయన ఉన్నారు. మిర్చి ఎగుమతి చేస్తారు. చిన్నప్పటి నుంచీ బాబాయి గారనే పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను.

“ఏందమ్మాయ్, కొటేషన్ పంపానంటాడు మన కుర్రాడు, రాలేదంటాడు మలేషియావాడు. ఇద్దరిలో అబద్ధం ఎవరిది?” అన్నారు.

ఎవరిదీ కాదు. కొటేషన్ అవతలి ఆయన జంక్ ఫోల్డర్లో భద్రంగా ఉంది.

అవతలి సర్వర్‌కి అనుమానం ఎందుకొచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఈ మెయిల్ పంపే పద్ధతిని, అంటే ఎస్ఎంటీపీని, జాన్ పోస్టెల్ 1982లో రాశారు. అప్పటి నెట్‌వర్కులో ఉన్నవి కొద్దిపాటి విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు. పంపినవాడి పేరు దగ్గర ఎవరు ఏం రాసుకున్నా అడిగే ఏర్పాటు అందులో లేదు. ఇవాళ్టికీ ఆ పద్ధతిలో లేదు. నేను ఇక్కడ కూర్చుని బాబాయి గారి కంపెనీ పేరు పెట్టి మలేషియాకి మెయిల్ కొట్టగలను. బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇందులో వేయండి అని ఇన్వాయిస్ జతచేసి మోసం చేసేవాళ్లకి అదే దారి. అందుకని తర్వాత్తర్వాత తనిఖీలన్నీ డీఎన్ఎస్‌లో, అంటే డొమైన్ల రికార్డులు ఎవరడిగినా చెప్పే ఏర్పాటులో, పెట్టారు. మెయిల్ అందుకున్న సర్వర్ వెంటనే పంపినవాడి డొమైన్ రికార్డులు తిరగేస్తుంది. ఈ ఐపీ మీదేనా, ఈ సంతకం మీదేనా, కాకపోతే ఏం చెయ్యమంటారు? ఈ మూడిటికీ డొమైన్‌లో జవాబు ఉంటే సరే. లేకపోతే వాళ్ల ఇష్టం.

నేను ముందు చూసేది రికార్డులు కాదు, నేమ్‌సర్వర్లు, అంటే ఆ రికార్డులు అడిగినవాళ్లకి జవాబు చెప్పే సర్వర్లు. డొమైన్ ఒకచోట కొంటారు, వెబ్‌సైట్ ఇంకోచోట పెడతారు, మధ్యలో ఎవరో వచ్చి వేగంగా తెరుచుకుంటుందని నేమ్‌సర్వర్లు మూడోచోటికి మారుస్తారు. అప్పుడు రికార్డులు పనిచేసేది ఆ మూడోచోట మాత్రమే. మొదటిచోట ప్యానెల్ మాత్రం అలాగే తెరుచుకుంటుంది, ఏం రాసినా తీసుకుంటుంది, పచ్చ టిక్కు కూడా పెడుతుంది. లోకంలో ఎవరూ దాన్ని చదవరు. బాబాయి గారి ఆఫీసు కుర్రాడు యూట్యూబ్ చూసి అన్నీ తప్పుల్లేకుండా రాశాడు, పాపం, కానీ డొమైన్ కొన్నచోట రాశాడు. నేమ్‌సర్వర్లు అక్కడ లేవు. నిజంగా రికార్డులున్న ప్యానెల్ పాస్‌వర్డ్ పాత వెబ్‌సైట్ చేసినతని మెయిల్‌కి ముడిపడి ఉంది. అది బయటికి తీయడానికే వారం పైన పట్టింది.

డిగ్ అనే కమాండుతో నేమ్‌సర్వర్లు అడిగితే సంగతి క్షణంలో తెలుస్తుంది. విండోస్‌లో ఎన్ఎస్‌లుకప్ ఉంది. ఇది చూడకుండా ఏ ప్యానెల్లోనూ వేలు పెట్టొద్దు.

ఎమ్ఎక్స్ రికార్డు సులువు. మాకొచ్చే మెయిల్ ఈ సర్వర్‌కి ఇవ్వండి అని చెప్పేది అదే. పక్కన ఒక అంకె ఉంటుంది, చిన్న అంకె ఉన్న సర్వర్‌కి ముందు వెళ్తుంది, అది పలకకపోతే పెద్ద అంకెకి. అక్కడ సర్వర్ పేరు రాయాలి, ఐపీ అంకెలు రాయకూడదు. ఆ పేరు సీనేమ్, అంటే ఇంకో పేరుకి మారుపేరు, కాకూడదు, దానికి నేరుగా ఐపీ చెప్పే ‘ఏ’ (A) రికార్డు ఉండాలి. మెయిల్ సర్వీసు మార్చినప్పుడు పాత ఎమ్ఎక్స్ తీసెయ్యడం మరిచిపోతే కొన్ని మెయిల్స్ కొత్త పెట్టెకి, కొన్ని పాతదానికి పోతాయి. ఎవరూ చూడని ఆ పాత పెట్టెలో ఆర్డర్లు పడి ఉండటం చూశాను. అంతకుమించి ఎమ్ఎక్స్ గురించి చెప్పడానికేం లేదు.

అసలు గొడవ ఎస్పీఎఫ్ దగ్గర మొదలవుతుంది.

ఎస్పీఎఫ్ అంటే డొమైన్‌లో ఒక టెక్స్ట్ రికార్డు. మా పేరుతో మెయిల్ పంపడానికి అనుమతి ఉన్న సర్వర్లు ఇవీ అని అందులో ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో లారీ నంబర్ల చీటీ పెడతారు చూడండి, అలాంటిది. చీటీ రాయడం ఎంతసేపు? ఏ లారీలు వస్తాయో తెలియాలి కదా.

అందుకే బాబాయి గారి ఆఫీసులో ప్యానెల్ తెరవకముందు కాగితం తీసుకుని అందరినీ కూర్చోబెట్టాను. మెయిల్స్ దేంట్లోంచి పంపుతారు? “మన మెయిల్లోంచే” అన్నారు అందరూ. అంతేనా? అంతే. ఇన్వాయిస్‌లు? అవి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేరుగా పంపుతుంది, కంపెనీ పేరుతోనే, కానీ ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల సర్వర్ల నుంచి. ఒకటి దొరికింది. వెబ్‌సైట్‌లో ఎంక్వైరీ ఫారం నింపితే కొనుగోలుదారుకి థ్యాంక్యూ అని ఒక మెయిల్ పోతుంది, అది వెబ్‌సైట్ ఉన్న హోస్టింగ్ నుంచి. రెండోది. తేజ, 334, బాడిగ మిర్చి రకాల రోజువారీ రేట్లు నూరుమందికి పైగా కొనుగోలుదారులకి పంపే ఒక బల్క్ మెయిల్ సర్వీసు, దాని సంగతి అకౌంట్స్ అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు. మూడోది. బిల్ ఆఫ్ లేడింగు, ఫైటో సర్టిఫికెట్టు లాంటి ఎగుమతి కాగితాలు స్కాన్ చేసి నేరుగా మెయిల్ చేసే మెషిన్ మూలన కూర్చుని ఉంది. నాలుగోది.

“చెన్నైలో మనోడు తన సొంత జీమెయిల్లోంచి పంపుతాడు, పైన మాత్రం మన కంపెనీ అడ్రసు కనపడుద్ది. అదెట్టాగో మరి వాడికే తెలుసు” అన్నారు బాబాయి గారు. కంటైనర్లు ఎక్కించే దగ్గర ఉండే మనిషి అతను. కంపెనీ అంతట్లోకీ అర్జెంటు మెయిల్స్ పంపేది అతనే.

ఇంత తెలిశాక ప్యానెల్ తెరిస్తే అందులో ఎస్పీఎఫ్ రికార్డులు రెండున్నాయి. ఒకటి పాత హోస్టింగ్‌వాళ్లది, రెండోది కొత్త మెయిల్ సర్వీసుది. ఎవరు చెప్పినది వాళ్లు చెప్పినట్టే చేర్చుకుంటూ పోయారు. ఒక డొమైన్‌కి ఎస్పీఎఫ్ ఒకటే ఉండాలి. రెండుంటే రెండూ కలిపి చదువుతారనుకుంటారు చాలామంది. అలా చదవరు, తప్పు అని చెప్పి రెండూ పక్కన పెడతారు. అంటే అంతకాలం ఆ కంపెనీకి ఎస్పీఎఫ్ ఉండీ లేనట్టే. రెండిటినీ ఒక లైనులో కలపాలి. కలిపేటప్పుడు ఇంకో లెక్క చూసుకోవాలి. ఆ లైను చదవడానికి అవతలి సర్వర్ డీఎన్ఎస్‌ని అడిగే ప్రశ్నలు పది దాటకూడదు. ఇన్‌క్లూడ్ అని రాసిన ప్రతి సర్వీసూ ఒక ప్రశ్న, ఆ సర్వీసు లోపల ఉన్న ఇన్‌క్లూడ్‌లు కూడా లెక్కే. బయటికి నాలుగే కనిపిస్తాయి, లోపల తవ్వితే పన్నెండు ఉంటాయి. ఐపీ అంకెలు నేరుగా రాస్తే లెక్కలోకి రావు. మేం పాత హోస్టింగ్ పేరు తీసేశాం. స్కానర్‌ని ఆఫీసు మెయిల్ ఖాతాలోంచే పంపేలా మార్చాం. చెన్నై ఆయనకి ఆఫీసు మెయిల్ ఫోన్లో పెట్టి ఇచ్చాం. ఆయన ఒప్పుకోవడానికే బాబాయి గారు గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. అప్పుడు పదిలోపు వచ్చింది.

లైను చివర ఆల్ అని ఉంటుంది. దాని ముందు ~ గుర్తు పెడితే జాబితాలో లేనివాటిని అనుమానంగా చూడండి అని, - గుర్తు పెడితే అవి మావి కావు అని తేల్చి చెప్పడం. + మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, లోకంలో ఎవరైనా మా పేరుతో పంపుకోవచ్చు అని రాసిచ్చినట్టు. నేను ~ తోనే మొదలుపెడతాను. అందరూ దొరికారని నమ్మకం కుదిరాక చూద్దాం అంటాను.

ఎస్పీఎఫ్‌లో ఒక లోపం ఉంది. అది చూసేది మనకు పైన కనిపించే పేరుని కాదు, సర్వర్లు తమలో తాము చెప్పుకునే తిరుగు చిరునామాని. పైగా ఎవరైనా మన మెయిల్‌ని ఆటోమేటిగ్గా ఇంకో ఖాతాకి ఫార్వర్డ్ పెట్టుకుంటే అది మధ్య సర్వర్ ఐపీ నుంచి వెళ్తుంది, జాబితాలో దొరకదు. డీకిమ్ ఉన్నది అందుకు. యాహూ చేసిన డొమైన్‌కీస్, సిస్కో చేసిన ఇంకో పద్ధతి కలిపి దీన్ని తయారుచేశారు. మెయిల్ సర్వర్ తన దగ్గరున్న రహస్య తాళంతో ప్రతి ఉత్తరానికీ సంతకం పెడుతుంది. ఆ సంతకాన్ని సరిచూసే బహిరంగ తాళం మన డీఎన్ఎస్‌లో టెక్స్ట్ రికార్డుగా ఉంటుంది. దారిలో ఉత్తరం మారితే సంతకం కలవదు. ఉత్తరం మారకుండా ఎన్ని చేతులు మారినా కలుస్తుంది.

తాళం పొడవు 2048 బిట్లు ఉండాలి. 2012లో జాకరీ హారిస్ అనే గణితవేత్తకి ఉద్యోగం ఇస్తామంటూ గూగుల్ నుంచి మెయిల్ వస్తే, ఇది నిజమా కాదా అని అనుమానపడి ఆయన సంతకం చూశాడు. తాళం 512 బిట్లే ఉంది. ఇది తనకి పెట్టిన పరీక్షేమో అనుకుని దాన్ని ఛేదించి, గూగుల్ వ్యవస్థాపకుల్లో ఒకరి పేరుతో రెండో ఆయనకి మెయిల్ పంపాడు. జవాబు రాలేదు, తాళం మాత్రం మారిపోయింది. ఇది చెబితే బాబాయి గారు తెగ నవ్వారు, ఆ తర్వాత తాళం పొడవు గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

పెద్ద తాళంతో చిక్కు ఒకటుంది. డీఎన్ఎస్ టెక్స్ట్ రికార్డులో ఒక ముక్క 255 అక్షరాలు దాటకూడదు, ఈ తాళం దాటుతుంది. కొన్ని ప్యానెల్స్ వాటంతట అవే ముక్కలు చేసుకుంటాయి, కొన్నిట్లో మనమే కొటేషన్ గుర్తులు పెట్టి రెండుగా విడగొట్టాలి. వర్డ్ ఫైల్లోకి ఎక్కించి తెచ్చారో ఆ కొటేషన్ గుర్తులు వంకర తిరిగి వస్తాయి. వాట్సాప్‌లో పంపితే మధ్యలో ఖాళీ చేరుతుంది. నోట్‌ప్యాడ్‌లోనే ఉంచండి. పేరు గడి దగ్గర ఇంకో తిప్పలు: చాలా ప్యానెల్స్ డొమైన్ పేరు చివర తామే తగిలిస్తాయి. మీరు పూర్తి పేరు రాస్తే డొమైన్ రెండుసార్లు వస్తుంది, రికార్డు ఉంటుంది, ఎవరికీ దొరకదు. సేవ్ చేశాక బయటి నుంచి డిగ్‌తో అడిగి చూడటం అలవాటు చేసుకోండి, ప్యానెల్ చూపించేది నమ్మొద్దు.

మెయిల్ సర్వీసుకి ఒక డీకిమ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒకటి, రేట్లు పంపే సర్వీసుకి ఒకటి. ఎస్పీఎఫ్‌లా ఇది ఒకటే ఉండాలని లేదు, ఏ తాళం వెతకాలో చెప్పే సెలెక్టర్ పేరు వేరైతే చాలు.

ఇక డీమార్క్. మొదటి రెండూ తప్పితే ఏం చెయ్యాలో అవతలివాళ్లకి చెప్పేది ఇది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా ఇదే, ఎందుకంటే తిరిగి మనకి కబురు పంపేది ఇదొక్కటే. పాలసీ దగ్గర నన్ (none) అని రాస్తే ఏమీ చెయ్యకండి, చూసి చెప్పండి అని. క్వారంటైన్ అంటే జంక్‌లో వేయండి. రిజెక్ట్ అంటే గుమ్మంలోంచే తిప్పి పంపండి. 2014 ఏప్రిల్లో యాహూ, ఏఓఎల్ తమ డొమైన్లకి ఒక్కసారిగా రిజెక్ట్ పెడితే ఎన్నో మెయిలింగ్ లిస్టులు చెడిపోయాయి. అంతటివాళ్లకే అలా అయితే మనం నిదానంగా వెళ్లడంలో తప్పులేదు. నన్ పెట్టి, రిపోర్టులు రావడానికి ఒక చిరునామా ఇచ్చి, ఆగాలి. ఆ చిరునామా వేరే డొమైన్‌లో ఉంటే, ఆ డొమైన్‌లో కూడా ‘ఈ కంపెనీ రిపోర్టులు మాకు పంపొచ్చు’ అని ఒక రికార్డు ఉండాలి. అది లేకపోతే రిపోర్టులు రావు, ఎందుకు రావట్లేదో ఎవరూ చెప్పరు.

రిపోర్టులు మామూలుగా రోజుకొకటి జిప్ ఫైల్‌గా వస్తాయి, లోపల ఎక్స్ఎంఎల్. చదవడానికి కళ్లు నొప్పులు, ఉచితంగా పట్టికలా చూపించే సైట్లు ఉన్నాయి. బాబాయి గారి డొమైన్‌కి మొదటి వారం వచ్చినవి చూస్తే మా కాగితం మీద లేనిది ఒకటి బయటపడింది. మేం తెలుసుకోగలిగినంతలో అది ఎప్పుడో మూడేళ్ల కిందట ట్రయల్‌కి తీసుకున్న సీఆర్ఎం, అంటే కొనుగోలుదారుల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్. పాత కొనుగోలుదారులకి ఇప్పటికీ నెలకోసారి పలకరింపు మెయిల్ పంపుతోంది. దానిలో పేరు ఉన్న సేల్స్ కుర్రాడు ఉద్యోగం మానేసి విజయవాడ వెళ్లిపోయాడు. దాంతో పాటు మనకి సంబంధమే లేని ఐపీల నుంచి కూడా కంపెనీ పేరు పెట్టుకుని మెయిల్స్ వెళ్తున్నాయి. తక్కువే. కానీ అవి చూశాక ఆయన ముఖంలో రంగు మారింది. అప్పటిదాకా ఇదంతా కంప్యూటర్ పని అనుకున్నారు. “మన పేరు ఎవడో వాడుకుంటుంటే ఇన్నాళ్లూ తెలవలేదా మనకి?” అన్నారు.

సీజన్ అయిపోయాక క్వారంటైన్‌కి వెళ్లాం, తర్వాత రిజెక్ట్‌కి. అంతా అయ్యాక కూడా ఆయనకి ఒకటి గట్టిగా చెప్పాను. డీమార్క్ మీ అసలు డొమైన్‌నే కాపాడుతుంది. మోసగాడు పేరులో ఒక అక్షరం మార్చి కొత్త డొమైన్ కొనుక్కుని దాన్నుంచి పంపితే అన్ని తనిఖీలూ నెగ్గుతుంది, ఎందుకంటే అది వాడి డొమైనే కదా. మీ అకౌంట్స్ అమ్మాయి పాస్‌వర్డ్ ఎవరికైనా చిక్కినా అంతే. కాబట్టి బ్యాంకు ఖాతా మార్పు గురించి మెయిల్ వస్తే, మాది గానీ మీది గానీ, పాత నంబర్‌కి ఫోన్ చేసి అడగాలి అని కొనుగోలుదారులందరికీ ఇప్పుడే చెప్పి పెట్టమన్నాను. చెప్పారు.

మధ్యలో ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఇన్ని సర్వీసులకి నెలనెలా డబ్బు కట్టడం దేనికి, ఆఫీసులో స్టాటిక్ ఐపీ, అంటే మారని ఐపీ, ఉంది, మన సర్వర్ మనమే పెట్టుకుందామని. వద్దన్నాను. ఐపీ నుంచి పేరు చెప్పే రివర్స్ రికార్డు, అంటే పీటీఆర్, మన డొమైన్ ప్యానెల్లో రాసేది కాదు, ఆ ఐపీ ఎవరిదో వాళ్లు రాయాలి, అంటే ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు. 203.0.113.25 అనే ఐపీ అయితే దాన్ని తిప్పి 25.113.0.203 అని వాళ్ల జోన్‌లో ఉంటుంది. ఆ పేరు మన సర్వర్‌ని చూపాలి, మన సర్వర్ పేరు మళ్లీ అదే ఐపీని చూపాలి. కస్టమర్ కేర్‌లో పీటీఆర్ అంటే అర్థమయ్యే మనిషి దొరకడం ఒక ఎత్తు. మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఐపీలని స్పామ్‌ని అడ్డుకునే స్పామ్‌హాస్ లాంటి జాబితాలు నేరుగా మెయిల్ పంపకూడనివిగా ముందే రాసి పెట్టుకుంటాయి, సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే 25వ పోర్టు చాలాచోట్ల మూసే ఉంటుంది. మెయిల్ సర్వర్ నడపడం మీద మోజు ఉన్నవాళ్లు నేర్చుకోవడానికి పెట్టుకోవచ్చు. మిర్చి అమ్ముకునేవాళ్లు సర్వీసు కొనుక్కోవడమే మేలు.

రికార్డులు మార్చాక ‘24 నుంచి 48 గంటలు పడుతుంది’ అని అందరూ చెబుతారు. నిజానికి రికార్డు ఎక్కడికీ పాకదు. ఇంతకుముందు అడిగినవాళ్లు పాత జవాబుని రికార్డు పక్కన టీటీఎల్ అనే గడిలో రాసినన్ని సెకన్లు గుర్తుపెట్టుకుంటారు, అంతే. 86400 అని ఉంటే రోజంతా. అందుకే ఎమ్ఎక్స్ మార్చాలంటే ముందురోజే టీటీఎల్ 300కి తగ్గించి, మర్నాడు రికార్డు మార్చి, అన్నీ సర్దుకున్నాక మళ్లీ పెంచుతాను. ఇంకోటి, రికార్డు రాయకముందే వచ్చిందా వచ్చిందా అని డిగ్ కొడుతూ కూర్చోకండి. ‘లేదు’ అన్న జవాబుని కూడా కాసేపు గుర్తుపెట్టుకుంటారు.

బాబాయి గారికి ఈ డొమైన్ కాక ఇంకో రెండున్నాయి, పేరు ఎవరూ కొనకుండా కొని పెట్టుకున్నవి. వాటి నుంచి ఎవరూ మెయిల్ పంపరు కాబట్టి రికార్డులు అక్కర్లేదనుకున్నారు. మోసగాళ్లకి బాగా పనికొచ్చేవి అవే. ఒకదానికి రాసేశాం: ఎస్పీఎఫ్‌లో - గుర్తు, ఆల్, ఇంకేం లేదు. ఎమ్ఎక్స్‌లో అంకె సున్నా, పేరు స్థానంలో ఒక చుక్క, అంటే ఇక్కడ మెయిల్ తీసుకోం అని. డీమార్క్‌లో మొదటిరోజే రిజెక్ట్. రెండో డొమైన్ మాత్రం ఎవరి పేరు మీద ఉందో ఇంకా తేలలేదు. రెన్యూవల్ నోటీసులు పాత వెబ్‌సైట్ అతని మెయిల్‌కే పోతున్నాయని మా అనుమానం. ఆదివారం బాబాయి గారు అతని ఇంటికే వెళ్లి అడుగుతానన్నారు.